గొర్లకుంట వాన డబ్బా

నేను ఒక వాన డబ్బాను. డబ్బా అనగానే మీ మనసులో నూనె డబ్బానో కిరసనాయిలు డబ్బానో మెదిలి ఉంటుంది. మెదలనివ్వండి, తప్పు లేదు. నా తోడబుట్టినవాళ్లంతా అట్లాంటి కాపురాలే చేశారు. హైదరాబాదు పొలిమేరలో ఒక ప్లాస్టిక్ కార్ఖానాలో కరిగిన ముద్దగా అచ్చులోకి దిగి, గాలి ఊదితే బుంగమూతి పెట్టుకుని బయటికొచ్చాం మేమంతా. ఒకతె మిఠాయి కొట్టుకు పోయింది. ఒకతె ఆసుపత్రిలో ఫినాయిలుతో కుదురుకుంది. నన్ను మాత్రం కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన దుకాణంలో ఎత్తి పట్టుకుని, వెలుతురుకు చూసి, వాసన చూసి, మూత బిగించి తలకిందులుగా కుదిపి, పెళ్లిచూపుల్లో కూడా పెట్టనన్ని పరీక్షలు పెట్టి కొన్నాడు. దేనికయ్యా అంటే, వాన పట్టడానికట! ఆకాశం ఊరికే పోసేదాన్ని పట్టడానికి డబ్బు పెట్టి డబ్బా కొనే మనుషులు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన పనిచేసే ప్రయోగశాలలో నాకు నగలు పెట్టారు. నెత్తిన పెద్ద గరాటు. గరాటు మూతికి జల్లెడ, ఆకూ అలమూ పడకుండా. గరాటు కింది నుంచి నా కడుపు అడుగు దాకా ఒక సన్నని గొట్టం. చుట్టూ తెల్లటి రేకు తొడుగు. ఈ సింగారమంతా ఎందుకంటే, నాలో పడ్డ నీరు మళ్లీ ఆవిరై పైకి పోకూడదు. ఒక్క బొట్టు పోయినా లెక్క తప్పుతుందట.

ఏం లెక్కో చెబుతాను వినండి. చదువుకున్నవాళ్లు చెబితే పలక నిండుతుంది, నేను చెబితే చెంబెడే. మనం చూసే నీళ్లన్నీ ఒకేలా ఉంటాయా? కంటికి ఒకటే, నాలుకకూ ఒకటే. కానీ నీటి కణాల్లో కొన్ని పిసరంత బరువైనవి, తక్కినవి తేలికవి. కొలిచే యంత్రాలకు తప్ప ఎవరికీ ఆ తేడా తెలియదు. ఎండ కాస్తే తేలికవి ముందు లేచిపోతాయి, పెళ్లిలో కుర్రకారు ముందు బస్సెక్కినట్టు. బరువువి వెనకబడతాయి. మళ్లీ మేఘం కురిసేటప్పుడు బరువువి ముందు రాలతాయి. అందుకే సముద్రం పక్కన కురిసే వాన ఒక రకం, కొండలు దాటి అలసిపోయి వచ్చిన వాన ఇంకో రకం. నైరుతి మేఘానిది ఒక నడక, బంగాళాఖాతం వాయుగుండానిది ఇంకో నడక. నెలనెలా వాన నీళ్లు పట్టి చూస్తే ఏ మేఘం ఎక్కడి నుంచి వచ్చిందో, ఏళ్లు గడిచేకొద్దీ దాని దారి మారుతోందో లేదో తెలుస్తుంది. మనుషులు తమ సంగతి మరిచిపోతారు గానీ, నీళ్లు మరిచిపోవు.

నా మొదటి కాపురం సముద్రం ఒడ్డున ఒక బడి మేడ మీద. అక్కడి కాపలాదారు బంగారం లాంటి మనిషి. ఆ బంగారమే కొంప ముంచింది. తుఫాను పట్టిన పూట మెట్లెక్కి వచ్చి, "అయ్యో, వానలో ఎట్టా నానిపోతన్నావే తల్లీ!" అని జాలిపడి నా నెత్తిన గోనెపట్టా కప్పి తాడుతో కట్టేశాడు. వాన పట్టడానికి పెట్టిన డబ్బాను వాన పడకుండా కాపాడినవాడు లోకంలో ఆయనొక్కడే. ఊరంతా మునిగింది, నేను మాత్రం పొడిగా ఉన్నాను. ప్రయోగశాలవాళ్లు తల పట్టుకుని నన్ను వెనక్కి తెప్పించారు. ఆయన మీద నాకు కోపం లేదు. నన్ను తల్లీ అన్నవాడు ఆయనొక్కడే.

తరవాత నన్ను చేపట్టింది ముంతాజ్. ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్ల, కడప అమ్మాయి. బక్కపలచన, మాట మాత్రం నిటారు. నన్ను బస్సులో ఒళ్లో పెట్టుకుని అనంతపురం సీమ దాటించి, కన్నడదేశం సరిహద్దుకు కూతవేటులో ఉన్న ఎర్రమిట్టపల్లికి తీసుకెళ్లింది. ఊళ్లో సగం ఇళ్లు పట్టుపురుగులు పెంచేవే. ముంతాజ్ కావాలనే ఆ ఊరు ఎంచుకుంది. డబ్బాను చూసుకునే మనిషి రోజూ ఇంటిపట్టున ఉండాలి కదా? పురుగులు మేపేవాళ్లంత ఇంటిపట్టు మనుషులు ఇంకెక్కడ దొరుకుతారు!

అలా నేను ఓబుళమ్మ మిద్దె ఎక్కాను. ఓబుళమ్మ, ఆమె మొగుడు చిక్కన్న. వాళ్లకు ఊరి పల్లంలో ఎకరం మల్బరీ తోట, ఆ తోటకు రాళ్లు పేర్చి కట్టిన ఒక బావి. మల్బరీ ఆకు ఉంటే పురుగులు, పురుగులుంటే పట్టుగూళ్లు, గూళ్లుంటే కూడు. అన్నిటికీ వెనక ఆ బావి.

"అక్కా, నెలనెలా ఒకటో తేదీ నాడు డబ్బాలో నీళ్లు ఈ చిన్న సీసాలోకి పోసి, మూత గట్టిగా బిగించి హిందూపురం బస్సులో పంపల్ల. ఒక్క నెల కూడా తప్పకూడదు" అని ముంతాజ్ మరీమరీ చెప్పింది.

"మేం యాడికి పోతామమ్మణ్ణీ?" అంది ఓబుళమ్మ. "పురుగుల్ని ఇడిసి పెండ్లికి కూడా పోయేదానికి లేదు. మా చెల్లెలి పెండ్లికి తలంబ్రాల పొద్దుకు పోయి, అన్నం తినకుండానే తిరుక్కోని వచ్చినా. ఇప్పటికీ దెప్పుతాది."

చిక్కన్న కింది నుంచి అడిగాడు, "వాన నీళ్లు పట్టుకపోయి ఏం చేస్తారంటమే?"

"తూకం ఏస్తారంట."

"కొనేవాళ్లు కూడా ఉండారా!" అని ఆయన తువ్వాలు దులుపుకుని తోటకు పోయాడు.

ఆ ఏడు నైరుతి సన్నగా పడింది, తరవాత వాయుగుండాలు బాగానే పడ్డాయి. నెల తప్పకుండా సీసా పోయేది. ఆమె నన్ను తడిగుడ్డతో తుడిచేది, జల్లెడలో చిక్కిన వేపపూలు ఏరేది. పక్కింటివాళ్లు వడియాలు ఎండబెట్టడానికి మిద్దెక్కి నా రేకు తొడుగు మీద చెయ్యి పెడితే, "ముట్టుకోవాకండి, అది గవర్మెంటుది" అని గదమాయించేది. ఎవరికైనా తమ ఇంట్లో ఒక గవర్నమెంటు వస్తువుంటే కాస్త గర్వమే.

ఇక అసలు గొడవకు వస్తాను. ఊరికి ఎగువన గొర్లకుంట అని ఒక చిన్న కుంట ఉంది. మూడు వైపులా మిట్ట, ఒక వైపు కట్ట. వానాకాలంలో నిండుతుంది, శివరాత్రి నాటికి అడుగున నెర్రెలు బారుతుంది. ఊరి సర్పంచి ఎర్రిస్వామికి ఊళ్లో పట్టుగూళ్ల మార్కెట్ ఒకటి కట్టించాలని ఎన్నాళ్లగానో ఆశ. మంజూరైతే అయ్యింది కానీ, రోడ్డు పక్కన చదునైన పంచాయతీ స్థలం కావాలన్నారు. ఊళ్లో అలాంటిది ఎక్కడుంది? గొర్లకుంట ఉంది. ఎండాకాలంలో మట్టి తోలి పూడిస్తే సరి అన్నాడాయన.

ఎర్రిస్వామి చెడ్డవాడు కాడు, ముందే చెబుతున్నాను. ఈ కథలో చెడ్డవాళ్ల కోసం వెతక్కండి, దొరకరు. గూళ్లు హిందూపురం మార్కెట్ చేరేలోపు మనుషులు పడే అవస్థ ఆయన కళ్లారా చూశాడు. అంతకు ముందటేడు ఓబుళమ్మ పంట తీసుకుపోతున్న జీపు దారిలో చెడిపోయి, మూటల్లో గూళ్లు వేడెక్కి ఉడికిపోయి, మార్కెట్‌లో పట్టు రాని గూళ్లని పక్కకు నెట్టేశారు. ఆమె ఆ రోజు రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. అందుకే పంచాయతీలో కుంట పూడ్చుదామా అని అడిగినప్పుడు అందరికంటే ముందు లేచిన చెయ్యి ఓబుళమ్మదే.

చిక్కన్న ఒక్కడే ఎదురు చెప్పాడు. "కుంట పూడిస్తే నా బావి పోతాది" అన్నాడు. "మా నాయన బావి తవ్వినాక రెండేండ్లు ఊటే పడలేదు. పైన కుంట కట్టినాకనే పడింది."

ఎర్రిస్వామి నవ్వాడు. "చిక్కన్నా, శివరాత్రికంతా కుంటలో గొర్రెలు పండుకుంటాయి. నీ బావిలో ఉగాదికి కూడా నీళ్లుంటాయి. ఎండిన కుంట నిండిన బావికి నీళ్లిచ్చేది యాడన్నా ఉందా? ఉత్త జేబోడు నిండు జేబోనికి అప్పిచ్చినట్లుంది నీ మాట! నీ బావిది కొండ కింది ఊట. పాతాళం నుంచి వస్తాది."

సభ గొల్లున నవ్వింది. ఎదురు చెప్పడానికి చిక్కన్న దగ్గర నాయన మాట తప్ప ఇంకేం లేదు. మట్టి తోలేది ఎండలు ముదిరాక అని తేల్చుకుని అందరూ లేచారు. ఇంటికొచ్చాక ఆ మొగుడూ పెళ్లాల మధ్య మాట ఆగిపోయింది. సంగటి ముద్ద ఆయన ముందు పెట్టి ఆమె గోడకు చెప్పేది, "ఊరుబిండి పచ్చడి కావాలంటే ఉట్టి మీద ఉండాది" అని. ఆయన మిద్దెక్కి నా పక్కన కూర్చుని కుంట వైపు చూస్తూ బీడీ తాగేవాడు. ఆమెకూ భయం లేకపోలేదు. బావి పోతే తోట పోతుంది, తోట పోయాక మార్కెట్ పక్కింట్లో ఉన్నా ఏం లాభం? కానీ రోడ్డు మీద కూలబడిన రోజు ఆమె కళ్లలోంచి పోలేదు.

ఈ లోపల చలికాలం ముదిరి వాన ఆగిపోయింది. ఒకటో తేదీ వచ్చింది. ఓబుళమ్మ మిద్దెక్కి నన్ను వంచింది. చుక్క లేదు. చిన్న సీసా చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించింది. మీకు తెలుసు కదా, మన ఇళ్లలో పక్కింటివాళ్ల గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఉత్తది ఇవ్వరు. చిటికెడు పప్పో, బెల్లం ముక్కో, ఏమీ లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలో వేసి ఇస్తారు. ఉత్త గిన్నె ఇస్తే ఇచ్చినవాళ్లకూ మంచిది కాదు, పుచ్చుకున్నవాళ్లకూ మంచిది కాదు. ఓబుళమ్మ కిందికి పోయింది. చెంబుతో బావి నీళ్లు తెచ్చింది. నా గరాటులో మర్యాదగా పోసి, నా కడుపులోంచి సీసాలోకి ఒంపి, మూత బిగించి బస్సుకు పంపింది. తరవాతి నెలా అంతే. ఆ తరవాతి నెలా అంతే.

ఆ నీళ్లు నా లోపలికి దిగినప్పుడే నాకు తెలిసింది అవి వాన నీళ్లు కావని. కానీ డబ్బాకు నోరెక్కడిది? మూత తప్ప.

ఉగాది వెళ్లాక ఒక మధ్యాహ్నం ముంతాజ్ చెప్పాపెట్టకుండా దిగింది. వస్తూనే మిద్దెక్కి నన్ను ఎండకు ఎత్తి చూసింది, అంచులు తడిమింది, నీళ్లు పోసి ఎక్కడన్నా కారుతున్నానా అని చూసింది. మొహం గంభీరంగా ఉంది.

"డబ్బా యాడనో పగిలినట్లుందక్కా. దీన్ని తీసేసి వేరేది పెట్టల్ల."

నేను లోపలే అరిచాను. పగలలేదమ్మా, ఎక్కడా పగలలేదు!

ఓబుళమ్మ చేతులు తుడుచుకుంటూ పైకొచ్చింది. "పగిలేదేంది? పసిబిడ్డను చూసినట్లు చూసినా."

"చుట్టుపక్కల ఏ ఊర్లోనూ ఈ మూడు నెలలు చినుకు పడలేదు. మీ ఊర్లో మాత్రం పడింది. అదీ ఎట్లాంటి వాన? ఎండలో బాగా మాగిన నీళ్ల మాదిరి ఉంది. డబ్బా పగిలి నీళ్లు ఆవిరైతే తప్ప అట్ల రాదు."

"వానా? వాన యాడ పడింది! దుమ్ము పడింది."

"మరి సీసాలో నీళ్లు?"

"అవా? మా బావివి."

ముంతాజ్ నన్ను కింద పెట్టేసింది. "బావి నీళ్లు ఎందుకు పోసినావక్కా?"

"ఉత్త సీసా పంపుతారా ఎవరన్నా?" ఓబుళమ్మ నిజంగానే నొచ్చుకుంది. "అంత దూరం నుంచి నువ్వు నమ్మి ఇచ్చినావు. ఉత్తది చేతిలో పెడితే మీవాళ్లు నిన్ను ఏమంటారు? ఏ ఊరిదాని దగ్గర పెట్టినావే డబ్బా అనరా?"

ముంతాజ్ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి పిట్టగోడ మీద కూర్చుంది. "తప్పు నాది. వాన పడకపోతే ఉత్త సీసా పంపమని చెప్పల్ల నేను. మా అమ్మ కూడా పక్కింటికి డబ్బా ఇచ్చేటప్పుడు గుప్పెడు సెనగలు ఏసి ఇస్తాది" అని కళ్లు తుడుచుకుంది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"ఉండక్కా. బావి నీళ్లంటివా? కొండ కింది ఊట అయితే వాటికి ఎండ తగిలిన గుర్తు ఎట్ల ఉంటాది? ఈ నీళ్లు భూమిలోకి దిగేదానికి ముందు యాడనో చాన్నాళ్లు ఎండలో నిలబడినాయి. ఈ పక్క నీళ్లు నిలబడే తావు ఏముంది?"

ఓబుళమ్మ చెయ్యి మెల్లగా లేచి ఎగువ వైపు చూపించింది. పంచాయతీలో అందరికంటే ముందు లేచిన చెయ్యే అది.

మెట్ల మీద నిలబడి చిక్కన్న అంతా విన్నాడు. నేను చెప్పలేదా అని ఆయన అంటాడని చూశాను. ఆయన మాత్రం బావిలోకి దిగడానికి తాడు తేవడానికి పోయాడు.

బావి నీళ్లు ఒక సీసా, కుంట ఎండినా మధ్య గుంటలో గొర్రెలు తాగగా మిగిలినవి ఒక సీసా, బడి దగ్గర బోరువి ఒక సీసా పట్టారు. "ఇంకా ఖాయం కాదక్కా, కొలిచి చూసినాకనే చెప్తా" అంది ముంతాజ్. చదువుకున్నవాళ్లలో నాకు నచ్చే గుణం ఇదే, తెలియనంత వరకూ తెలియదంటారు. నచ్చని గుణమూ ఇదే. ఆ కొలిచేదాకా ఓబుళమ్మ అన్నం సరిగ్గా తినలేదు. ఎర్రిస్వామి ఇంటికి పోయి మట్టి తోలేది కొన్నాళ్లు ఆపమంది.

"ఎందుకొదినా? ముందు చెయ్యెత్తింది నువ్వే గదా?"

"ఎత్తినా. ఇప్పుడు దించుతాండా."

"ఎత్తేది దించేది పంచాయతీలోనే. సభ పెడతా, ఆడ చెప్పు" అన్నాడు.

కొలతలు తేలాక సభ బడి వసారాలో పెట్టారు. ముంతాజ్ నన్ను చంకనెత్తుకుని వచ్చి బల్ల మీద పెట్టింది. నాకు ముందెప్పుడూ అంతమంది మొహాలు ఒక్కసారి కనబడలేదు. ఆమె బరువు నీళ్లూ తేలిక నీళ్లూ అని మొదలుపెట్టగానే వెనక బెంచీలో ఆవులింతలు మొదలయ్యాయి. ఓబుళమ్మ లేచి అడ్డుపడింది.

"మీకట్ల అర్థం కాదుగానీ ఇట్ల ఇనండి. పులుసు పొయ్యి మీద మరగబెడితే ఏమైతాది? చిక్కపడతాది. అదే పులుసును ఇంకో కుండలో పోసినా ఇది మరిగిన పులుసని నాలిక చెప్తాది గదా? కుంట నీళ్లు ఎండలో మరిగిన పులుసు మాదిరి. ఆ రుచి మా బావిలో ఉండాది. బోరులో లేదు."

"నీళ్లకు కూడా ఆధార్ కార్డు ఉందంటావు!" అన్నాడు ఎర్రిస్వామి. అందరూ నవ్వారు, ముంతాజ్‌తో సహా.

"ఉందనుకోండి సర్పంచి గారూ" అంది ఆమె. "ఈ బావిలో సగం కంటే ఎక్కువ నీళ్లు గొర్లకుంటవే. ఇంచుమించు అదే వరసలో ఉండే తక్కిన బావులూ చూడల్ల, కానీ అవీ ఇట్లే ఉంటాయని నా అనుమానం. బోరు నీళ్లు చానా పాతవి. మీ తాతల కాలంలో కురిసినవో ఇంకా ముందువో. వాటిని తోడేదే గానీ నింపేది మీ చేతిలో లేదు."

"మరి కుంట ఎండిపోయినాక కూడా బావిలో నీళ్లు ఎట్లుంటాయి?" అని ఎర్రిస్వామి అడిగాడు.

"కుంట నీళ్లు ఎండకు కొన్నే పోయినాయి. తక్కినవి కిందికి దిగినాయి. భూమిలో నడక నిదానం. కుంట నుంచి బావికి చేరేలోగా పైన శివరాత్రి వచ్చి పోతాది."

చిక్కన్న తల వంచుకుని తువ్వాలు అంచు దారాలు లాగుతున్నాడు. తండ్రి చెప్పిన మాట ఇన్నాళ్లకు సభలో నిలబడిందని ఆయన కళ్లు చెమర్చాయి. నేను బల్ల మీద ఉన్నాను కాబట్టి నాకు కనబడింది.

ఎర్రిస్వామి అందరి మొహాలూ చూశాడు. "సరే, కుంట పూడ్చొద్దు. మరి మార్కెట్ యాడ కట్టేది? రోడ్డు పక్కన జాగా చూపీకుంటే మంజూరు పక్కూరికి పోతాది. మల్లా జీపులే, మల్లా ఉడికిన గూళ్లే. చెప్పండి, ఎవురన్నా చెప్పండి."

కుంట అందరిదీ కాబట్టి పూడ్చడానికి అందరి చేతులూ లేచాయి. సొంత జాగా అనేసరికి చేతులన్నీ ఒళ్లోకి దిగిపోయాయి. మనుషుల మీద నాకున్న జాలి అంతా ఆ ఒళ్లోని చేతుల మీదే.

అప్పుడు ఓబుళమ్మ అంది, "రోడ్డు పక్కన మిట్ట మీద నాకు మాయమ్మ పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను ఉండాది. రాళ్లు ఏరేస్తే చదునైతాది. అది తీసుకోండి."

చిక్కన్న చటుక్కున తలెత్తాడు. "నన్ను ఒక మాట అడిగినావామే?"

"కుంట పూడ్చమని చెయ్యెత్తినప్పుడు అడగలే. ఇప్పుడు అడిగితే ఆ తప్పు పోతాదా?"

"వానకు ఇన్ని సెనక్కాయలు పండేది ఆ చేన్లోనే గదా!"

"పండేది. బావి పోతే ఆకు పండదు. రెంటిలో ఏది ఇడుస్తావో నువ్వే చెప్పు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "రాళ్లు ఏరేదానికి నేనొక్కణ్ణే రాను, సర్పంచి కూడా రావల్ల" అన్నాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు అందరికంటే పెద్ద నవ్వు తెప్పించింది ఆయనే.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఆకాశానికి కథలు తెలియవు. ఆ ఏడు వాన రాలేదు. నైరుతి మేఘాలు నా నెత్తి మీదుగానే పోయాయి, ఆగలేదు. వాయుగుండాలు తీరం దాటకుండానే చల్లబడ్డాయి. ఓబుళమ్మ ఒకటో తేదీ నాడు నన్ను వంచేది. ఏమీ రాకపోతే మనసు రాయి చేసుకుని ఉత్త సీసాకే మూత బిగించి పంపేది. కుంటలో అడుగు తడవలేదు. బావి నీళ్లు దిగి, దిగి, అడుగు బండ కనబడింది. మల్బరీ మొక్కలు చచ్చిపోకుండా మోళ్ల దాకా నరికేశారు. ఇంట్లో పురుగులు లేవు. పురుగులు లేని ఆ ఇంట్లో మనుషులు ఎలా తిరగాలో తెలియక తిరిగారు. ఆమె చెల్లెలి ఇంటికి పోయి కడుపు నిండా అన్నం తిని వచ్చింది, కానీ తృప్తిగా రాలేదు. సెనక్కాయల చేనూ లేదు, బావీ లేదు.

"నీళ్లు ఎవురివో తెలిసె గానీ వదినా, నీళ్లే లేకపాయె" అన్నాడు ఎర్రిస్వామి ఒకనాడు. ఎగతాళిగా అనలేదు, బాధగానే అన్నాడు. అయినా గుచ్చుకుంది.

"నిండలేదని కుంటను అంటే ఏం లాభం?" అంది ఆమె. "నిండే రోజుకు అది ఆడ ఉండల్ల గదా."

ఆ మాట అన్నదే గానీ, మిద్దె మీదికొచ్చి నా పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తప్పు చేశానా అని తనను తాను అడుగుతోందని నాకు తెలుసు. ఆ ఎండలకే నా ఒళ్లు పెళుసెక్కి, ఒక పక్క మెడ దగ్గర బీట వారింది. ఇప్పుడు నిజంగానే పగిలాను.

ముంతాజ్ కొత్త డబ్బా తెచ్చి నా చోట నిలబెట్టింది. మెరిసిపోతున్న పిల్ల, వాన ఎలా ఉంటుందో తెలియదు దానికి. నన్ను గోనెసంచిలో వేసుకుని పోబోతుంటే, "పగిలింది నీకెందుకమ్మణ్ణీ, ఈడనే ఉండనీ" అని ఓబుళమ్మ లాక్కుంది. చిక్కన్న రంపంతో నా మెడ కోసేశాడు. నొప్పి ఏమీ తెలియలేదు. గరాటు పోయాక తల తేలికైంది. బీట లేని అడుగు భాగం మిగిలింది, వెడల్పు మూతి తొట్టిలా.

మరుసటేడు ఆశ్వయుజంలో బంగాళాఖాతం మీద పుట్టిన వాయుగుండం దారి తప్పకుండా మా దాకా వచ్చింది. ఆగి ఆగి పడింది, పడి పడి ఆగింది. నేను పెరట్లో బోర్లా పడి ఉన్నాను, నా వీపు మీద మోగింది. మిద్దె మీద కొత్త పిల్ల నిండుతోంది. నాకేం అసూయ లేదు, కొంచెం ఉందేమో. పొద్దున్నే ఊరంతా గొర్లకుంట కట్ట మీదికి పరుగెత్తింది. కుంట మరవ పారుతోందట, నిండి పొర్లుతోందట. తిరిగొచ్చినవాళ్ల కాళ్ల నిండా ఎర్రమట్టి.

చిక్కన్న కుంట దగ్గరికి పోలేదు. ఆ రోజు నుంచి పొద్దునా సందేళా బావి దగ్గరే కూర్చునేవాడు. బావిలో వాన నీళ్లు కొద్దిగా చేరాయి గానీ అవి పైనుంచి పడ్డవి, లెక్కలోకి రావు. ఆయన ఎదురుచూసింది వేరే. దీపావళి దాటాక ఒక ఉదయం ఆయన కేక పెట్టడం పెరట్లో ఉన్న నాకు వినబడింది.

"ఓబులీ! బిన్నా రామే! కుంట దిక్కు గోడ చెమర్చింది! రాళ్ల సందున కారతాండాది!"

ఆమె చేతిలో చాట అక్కడే వదిలేసి ఉరికింది. చాలాసేపటికి ఇద్దరూ తిరిగొచ్చారు, తడిసిన చేతులతో. 

ఇప్పుడు నేను పురుగుల ఇంట్లో ఉంటున్నాను. మల్బరీ మోళ్లు చిగిర్చి, గుబురెక్కి, ఆకు కోతకొచ్చింది. కోసిన ఆకు వాడిపోకుండా తడి గోనెపట్టాలు కప్పుతారు. ఆ పట్టాల మీద చల్లే నీళ్లు ఉండేది నాలోనే. పొద్దున్నే ఓబుళమ్మ బావి నీళ్లతో నన్ను నింపుతుంది. కుంట నీళ్లు, బావి నీళ్లు, మేఘం నీళ్లు అని నేను విడదీసి చూడటం మానేశాను. మిట్ట మీద మార్కెట్‌కు గోడలు లేచాయి, పైకప్పు పడాలి. స్థలం ఇచ్చిన ఓబుళమ్మ పేరు రాతిఫలకం మీద ఎక్కడ వేస్తారో ఇంకా తేలలేదు. వేస్తారో లేదో కూడా తేలలేదు. ఆమె అడగలేదు. గూళ్లు దించడానికి తలుపు వెడల్పుగా పెట్టమని మాత్రం అడిగింది.

మొన్న పురుగులు నాలుగో జ్వరం లేచాయి. కుబుసం విడిచే నిద్రను వీళ్లు జ్వరమంటారు. ఆ నిద్ర లేచిన పురుగుల ఆకలి చూడాలి మీరు! తట్టల మీద ఆకు పరిచి ఓబుళమ్మ పక్కకు తప్పుకుంది. కాసేపటికి మెల్లగా మొదలైంది చప్పుడు. ముందు చిటపట, తరవాత జల్లు, తరవాత గది నిండా ఒకటే హోరు. నేను ఉలిక్కిపడ్డాను. వాకిట్లో కూర్చున్న చిక్కన్న కూడా మొహం పైకెత్తి, అరచెయ్యి బయటికి చాపాడు.

"వానా మే?"

"కాదు" అంది లోపలి నుంచి ఓబుళమ్మ. "తింటాండాయి."